మేకలకీ పెళ్లికీ మధ్య ఒక దీర్ఘం

పోయిన నెల ఈ శీర్షికలో మాటవరసకి ఒక వాక్యం రాశాను: లాట్వియా రాజధానిని అక్కడివాళ్ళు 'రీగ' అంటారు, చివర దీర్ఘం తీసి 'రీగా' అంటే 'రీగలో' అని అర్థం, అని. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. అందుకే ఈ నెల మొత్తం లాట్వియన్ అక్షరాలకే. వాటిని ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ అచ్చు వేయడం కుదరదు, బొమ్మని మాటల్లో చెబుతాను, మీరు ఫోన్‌లో లాట్వియన్ అక్షరమాల తెరిచి పక్కన పెట్టుకుని చదవండి.

ప్రశ్న: సార్, వచ్చే సెమిస్టర్‌కి రీగా టెక్నికల్ యూనివర్సిటీకి వెళ్తున్నాను. క్లాసులు ఇంగ్లిష్‌లోనే. కానీ బయట కూరగాయలు కొనుక్కోవాలి, బస్సెక్కాలి కదా అని అక్షరాలు మొదలుపెట్టాను. 33 ఉన్నాయి, సగానికి పైనో కిందో ఏదో ఒక గుర్తు. వీడియోల్లో ఇంగ్లిష్ మాటలతో పోల్చి చెబుతుంటే ఇంకా గందరగోళంగా ఉంది. చూస్తేనే టెన్షన్ వస్తోంది, ఎక్కడ మొదలుపెట్టను? — ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: సగానికి కాదు బాబూ, మూడోవంతుకే. ఇంగ్లిష్‌లో ఉన్న 26లోంచి క్యూ, డబ్ల్యూ, ఎక్స్, వై తీసేస్తే మిగిలేవి 22, వాటికి గుర్తులున్నవి 11 కలిపితే 33. ఆ పదకొండులో నాలుగింటి మీద అడ్డగీత ఉంటుంది, మూడింటి మీద అచ్చం మన తలకట్టు ఉంటుంది, నాలుగింటికి కామా ఉంటుంది. అంతే. గుర్తులు మూడు రకాలే.

ఇంగ్లిష్ ద్వారా వెళ్ళొద్దు, అదీ అసలు సలహా. ఇంగ్లిష్ వాళ్ళకి ఇది కష్టమైన భాషే, ఎందుకంటే వాళ్ళకి హ్రస్వం, దీర్ఘం అన్న లెక్క మన అంత కచ్చితంగా లేదు, ప, త, క పలికితే వెనకే గాలి కూడా వదులుతారు, ర అంటే నాలుక మడిచి ఊరుకుంటారు. మనకి ఇవేవీ లేవు. లాట్వియన్ టి అంటే మన త, డి అంటే మన ద, ఆర్ అంటే మన ర, నాలుక ఆడాల్సిందే. మనవాళ్ళు చేసే మొదటి తప్పు ఇక్కడే: ఇంగ్లిష్ అక్షరాలు కనపడగానే అలవాటు కొద్దీ ట, డ అనేస్తారు. నాన్నని 'తేవ్స్' అనాలి, 'టేవ్స్' అంటే వాళ్ళకి అర్థమవుతుంది గానీ చెవికి గుచ్చుకుంటుంది.

ముందు అడ్డగీతలు పట్టుకో. అచ్చుల మీద అడ్డగీత ఉంటే దీర్ఘం, లేకపోతే హ్రస్వం. దాని పేరు 'గరుమ్‌జీమె', అంటే పొడవు గుర్తు. అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ మనం ఒకటో తరగతిలోనే నేర్చేసుకున్నాం, కాకపోతే వాళ్ళ అ మన అ కన్నా కాస్త నోరు తెరిచి ఉంటుంది, ఆ ని కత్తిరించినట్టు. ఈ దీర్ఘం అలంకారం కాదు, అర్థం మారిపోతుంది. 'లప' అంటే ఆకు, 'లాప' అంటే కాగడా. 'పిలె' బొట్టు, 'పీలె' బాతు. అన్నిటికన్నా పేరుపడ్డ జంట 'కజస్', 'కాజస్': మొదటిది మేకలు, రెండోది పెళ్లి. నేర్చుకునే రోజుల్లో నేను మా పక్కింటి పెద్దావిడతో స్నేహితుడి పెళ్లికి వెళ్తున్నానని చెప్పబోయి దీర్ఘం మింగేశాను, ఆవిడ చాలా మర్యాదగా ఎన్ని మేకలు అని అడిగారు. తెలుగువాడినై ఉండి దీర్ఘం దగ్గర దొరికిపోయానే అని ఆ రోజంతా సిగ్గు. కళ్ళు ఇంగ్లిష్ అక్షరాలని చూస్తుంటే నాలుక ఇంగ్లిష్‌లోకి జారిపోతుంది, అదీ సంగతి.

తర్వాత తలకట్టులు. సి అంటే 'త్స'. దాని మీద తలకట్టు పెడితే 'చ'. ఎస్ అంటే స, తలకట్టు పెడితే ష. ఇక్కడ తెలుగువాడికి వరం లాంటి సంగతి ఒకటుంది. మన చలి, చాప, చుక్కల్లో చ వేరు, చిలక, చెట్టులో చ వేరు. మొదటి రకాన్ని పాత పుస్తకాల్లో చ మీద రెండంకె వేసి చూపించేవాళ్ళు. ఆ చలిలోని చ నే లాట్వియన్ సి. అలాగే జడ, జొన్నల్లో ఉండే జ వాళ్ళకి డి, జెడ్ రెండక్షరాలు కలిపి రాసే శబ్దం. అయితే ఇక్కడే ఒక గుంట కూడా ఉంది. మన తెలుగు మాటల్లో ఇ, ఎ ముందు ఈ 'త్స' రానే రాదు, చి, చె అయిపోతుంది. లాట్వియన్‌లో దర్జాగా వస్తుంది. ఎంత అని అడగాలంటే 'త్సిక్', మనవాడు 'చిక్' అంటాడు. త్సేసిస్ అని ఒక ఊరుంది, మనవాడు చేసిస్ అంటాడు. పాట అంటే 'ద్జియెస్మ', అక్కడా అంతే, జడలోని జ కి ఇ తగిలించాలి. రోజూ పది నిమిషాలు చాప, చుక్క అని పలికి, నాలుక అక్కడే ఉంచి త్సి, త్సె అను. వారంలో వచ్చేస్తుంది.

ఇక జెడ్. ఇది మనకి లేదు. స అంటూ గొంతులో నాదం కలుపు, తుమ్మెద ఝుంకారంలా వస్తుంది, హైదరాబాద్ వైపు ఉర్దూ విన్నవాళ్ళకి 'జమీన్'లో తెలిసిన శబ్దమే. దాని మీద తలకట్టు పెడితే 'టెలివిజన్'లో వచ్చే ఆ మెత్తని జ. అంటే మనం ఒక్క జ తో నెట్టుకొచ్చే చోట వాళ్ళకి నాలుగు శబ్దాలు: ఒట్టి జెడ్, తలకట్టు జెడ్, ముందు డి ఉన్న జెడ్, ముందు డి ఉన్న తలకట్టు జెడ్. నా లెక్కలో తెలుగువాళ్ళకి మొత్తం అక్షరమాలలో అసలు కష్టం ఈ నాలుగే, మిగతాదంతా అలవాటు.

కామాలు చివరికి. కె, ఎల్, ఎన్‌ల కింద కామా ఉంటుంది, జి కి కూడా ఉండాలి గానీ చిన్న జి తోక అడ్డం కాబట్టి కామా నెత్తికెక్కింది, దాన్ని చూసి వేరే గుర్తనుకోకు. కామా ఉంటే నాలుక మధ్యభాగాన్ని అంగిటికి ఆనించాలి. ఎన్ కింద కామా అంటే ఏమిటో తెలుసా, మన అక్షరమాలలో చ వర్గం చివర ఉద్యోగం లేకుండా కూర్చున్న ఞ! వార్తని 'జిఞ' అంటారు (ఆ జ, జెడ్ అని గుర్తుంచుకో). మెడిసిన్ పిల్లలకి తెలిసిన స్ట్రాడిన్స్ యూనివర్సిటీ ఉందే, అది 'స్త్రదిఞ్ష్', చివర ఞ, ష పక్కపక్కన. ఎల్ కింద కామా చూడగానే మనవాళ్ళు ఎగిరి గంతేసి ళ అంటారు. కాదు, పూర్తిగా తిరగబడ్డ పని అది, ళ కి నాలుక కొన వెనక్కి మడుస్తాం, దీనికి నాలుకని చాపగా పరచాలి. 'కల్యాణం'లో ల్య కి దగ్గర. సోదరుడు 'బ్రాలిస్', సోదరులు 'బ్రాల్యి'. కె కింద కామా క్య కీ త్య కీ మధ్య, జి మీద కామా గ్య కీ ద్య కీ మధ్య. రెండు హల్లులుగా విడగొట్టకుండా ఒకే దెబ్బలో రావాలి. ఇది రాసి చెప్పేది కాదు, 'కక్యిస్' అంటే పిల్లి, ఎవరైనా లాట్వియన్ పలికితే ఒక ఇరవై సార్లు విను.

ప్రశ్న: అండీ, మా అబ్బాయి రీగాలో ఉంటున్నాడు. వీడియో కాల్‌లో వాళ్ళ ఇంటి ఓనరమ్మగారికి థాంక్స్ చెబుదామని కష్టపడి 'పాల్డీస్' అని నేర్చుకుని చెప్పాను. ఆవిడ నవ్వారు. మా వాడేమో 'వదిలెయ్యమ్మా' అన్నాడు. నేనేం తప్పు మాట్లాడాను? — ఒక తల్లి, తెనాలి

జవాబు: తప్పేం లేదమ్మా, తెనాలి నుంచి ఎవరో తన భాషలో మాట్లాడితే సంతోషంతో నవ్వి ఉంటారు. సరిగా కావాలంటే 'పల్‌దియెస్'. ప కి దీర్ఘం లేదు, డ కాదు ద, ఇంగ్లిష్ ఐ, ఇ అక్షరాలు పక్కపక్కన వస్తే ఈ కాదు, ఇ నుంచి ఎ లోకి ఒక్క ఊపులో జారాలి.

ఇంకొక కిటుకు. లాట్వియన్‌లో దాదాపు ప్రతి మాటకీ మొదటి అక్షరం మీదే ఒత్తు పడుతుంది. ఇది మీ అబ్బాయి కూడా చెప్పే ఉంటాడు. కానీ పల్‌దియెస్‌లో ఒత్తు 'ది' మీద. 'లబ్‌దియెన్' (పగటి నమస్కారం), 'లబ్‌రీత్' (పొద్దున), 'లబ్‌వకర్' (సాయంత్రం), వీటన్నిటికీ రెండో దాని మీదే. రెండు మాటలు అతుక్కుని ఒకటైనవి కాబట్టి అలా జరిగింది, పల్‌దియెస్ కూడా 'దేవుడు సాయం చేయుగాక' అన్న రెండు ముక్కల అతుకే. కొత్తవాళ్ళు అందరికన్నా ముందు నేర్చుకునే నాలుగు మాటలూ సూత్రానికి ఎదురుతిరిగేవే కావడం ఆ భాష పెట్టిన మెలిక.

మీ అబ్బాయి ఫోన్ పెట్టేసేటప్పుడు స్నేహితులతో 'చావ్' అంటుంటే కంగారు పడకండి, ఇటలీ నుంచి వచ్చిన పలకరింపు అది, వచ్చినప్పుడూ వెళ్ళేటప్పుడూ అంటారు. అందులో చ చిలకలో చ, మన చావులోది చలిలో చ, కాబట్టి నిజానికి శబ్దం కూడా ఒకటి కాదు.

ప్రశ్న: నేను యాప్‌లో నేర్చుకుంటున్నాను. లాట్వియన్ ఎలా రాస్తే అలా చదవచ్చు అన్నారు. కానీ ఇంగ్లిష్ 'ఓ' అక్షరం ఒకసారి ఒకలా వినిపిస్తోంది, ఇంకోసారి ఇంకోలా. ఇంగ్లిష్ 'ఇ' అక్షరం కూడా అంతే. మోసం కదా ఇది? — ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మోసమే, కానీ ముఖ్యంగా ఆ రెండక్షరాల దగ్గరే. 'ఓ' అక్షరం సంగతి ముందు చెబుతాను. అచ్చమైన లాట్వియన్ మాటల్లో ఓ అంటే ఒ కాదు, ఉ తో మొదలెట్టి అ వైపు జారే శబ్దం. గుడ్డుని ఓ, ఎల్, ఏ అని రాసి 'ఉఅల' అంటారు. చాలా అన్నదానికి 'ల్యుఅతి'. బయటి నుంచి వచ్చిన ఒపెర, రేడియో లాంటి మాటల్లో మాత్రం మామూలు ఒ, ఓ. అందుకే ఓ మీద అడ్డగీత లేదు చూడండి, మిగతా నాలుగు అచ్చులకీ ఉంది. మాట స్వదేశీయా విదేశీయా అన్నది తెలిస్తేనే ఓ పలకగలం, ఎవరి నోరు వింటే వాళ్ళ ఊరు తెలిసినట్టు.

ఇక ఇంగ్లిష్ ఇ అక్షరం. ఇరుకు ఎ ఒకటి, వెడల్పు ఎ ఒకటి. వెడల్పుది మనం 'బ్యాంకు'లో పలుకుతాం. ఇదేం విడ్డూరమని అనుకోకండి, మీరే 'మేక' అని ఒకసారి, 'మేడి' అని ఒకసారి అనండి. మేకలో ఏ నోరు తెరుస్తుంది, మేడిలో మూసుకుంటుంది, ఎందుకంటే తర్వాత వచ్చే అచ్చు లాగుతుంది. లాట్వియన్‌లోనూ చాలావరకు అదే పద్ధతి: తర్వాత ఇ, ఎ గానీ కామా, తలకట్టు ఉన్న మెత్తని హల్లు గానీ వస్తే ఇరుకు, లేకపోతే వెడల్పు. నాన్న 'తేవ్స్'లో వెడల్పు, ముద్దుగా పిలిచే 'తేతిస్'లో ఇరుకు. కాకపోతే సూత్రం అన్నివేళలా కాయదు. 'తింటున్నాను', 'తిన్నాను' రెండూ రాతలో ఒకటే, పలుకులో మొదటిది వెడల్పు, రెండోది ఇరుకు. తిన్నావా తింటున్నావా అన్నది నోరు ఎంత తెరిచావన్న దాన్నిబట్టి తేలుతుంది!

రాతలో కనపడనివి ఇంకా ఉన్నాయి, యాప్ చెప్పదు గాబట్టి నేను చెబుతాను. రెండు హ్రస్వాల మధ్య ప, త, క లాంటివి వస్తే అవి ఒత్తుగా పలుకుతాయి. పైన నేను ఆకుని 'లప' అని రాశాను, నిజానికి వాళ్ళు 'లప్ప' అంటారు. నది 'ఉప్పె', నోరు 'ముత్తె'. నుయ్యిని ఏ, కె, ఏ అని రాస్తారు, పలికేది అచ్చంగా 'అక్క'. రాతలో ఒక్క కె యే. ఇది తెలియకపోతే ఎన్నేళ్ళు మాట్లాడినా పరాయి యాస పోదు, తెలుసుకున్నాక మనకి చిటికెలో పని, ఒత్తులు మన సొత్తు కదా. అలాగే బి పక్కన ఎస్ వస్తే ప అయిపోతుంది, మంచి అన్న 'లబ్స్'ని 'లప్స్' అంటారు. హ్రస్వం తర్వాత మాట చివర వ వస్తే ఉ లోకి కరుగుతుంది, 'నీకు' అనే 'తెవ్' వినపడేది 'తెఉ'. ఇంకోటి, హెచ్ అంటే మన మెత్తని హ కాదు, మీ హైదరాబాద్‌లో ఖుషీ అనేటప్పుడు గొంతులో గీరుకుంటుందే, అది.

ప్రశ్న: ఆర్యా, ఈ గుర్తులన్నీ ఎవరు పెట్టారు? మనకి ఱ, అరసున్న పోయినట్టు వాళ్ళకీ పోయిన అక్షరాలున్నాయా? — విశ్రాంత తెలుగు పండితుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, ఉన్నాయి, అదీ సరిగ్గా ర యే. ముందు పాత కథ. లాట్వియన్‌ని మొదట్లో కాగితం మీద పెట్టింది ఎక్కువగా జర్మన్ పాస్టర్లు. 17వ శతాబ్దంలో బైబిల్‌ని అందులోకి తెచ్చిన ఎర్న్‌స్ట్ గ్లూక్ కూడా జర్మనే. వాళ్ళు తమ భాష రాసే పద్ధతిలోనే, కోణాలు దేరిన ఆ పాత జర్మన్ అచ్చక్షరాల్లో, దీర్ఘానికి పక్కన ఒక హెచ్ తగిలించి రాశారు. ష, చ లాంటి వాటికి మూడేసి నాలుగేసి అక్షరాలు కలిపేవారు. 1908లో రీగా లాట్వియన్ సంఘం వేసిన కమిటీలో కార్లిస్ మీలెన్‌బాహ్స్, యానిస్ ఎంద్జెలీన్స్ లాంటి భాషా పండితులు కూచుని ఒక శబ్దానికి ఒక అక్షరం అనే పద్ధతి తెచ్చారు, ఇప్పటి అడ్డగీతలూ తలకట్టులూ వాళ్ళ చలవే.

అప్పుడు ర కింద కూడా కామా ఉండేది, మెత్తని ర. సోవియట్ పాలనలో 1946లో దాన్ని తీసేశారు. దేశం వదిలి వెళ్ళిన లాట్వియన్లు మాత్రం పట్టుదలగా ఆ అక్షరం రాస్తూనే వచ్చారు. బండి ర ని మనవాళ్ళు బడిలో వదిలేసినా చేత్తో రాసుకునే పెద్దలున్నట్టే. అయితే మన ఱ ఎవరి ఉత్తర్వుతోనూ పోలేదు, నోళ్ళలో కలిసిపోయాక రాతలోంచి జారిపోయింది. తేడా అది.

ప్రశ్న: లాట్వియన్ సంస్కృతానికి చాలా దగ్గరట కదా, సంస్కృతం వచ్చినవాళ్ళకి ఉచ్చారణ ఇట్టే వస్తుందంటున్నారు, నిజమేనా? — తిరుపతి

జవాబు: చుట్టరికం నిజం. దేవుడు 'దియెవ్స్', పొగ 'దూమి', రెండు 'దివి'. కానీ దూరపు చుట్టం, అందరూ చెప్పుకునేంత దగ్గర కాదు, ఒకే మూలభాష నుంచి వేరుపడి వేల ఏళ్ళయింది. ఉచ్చారణలో సంస్కృతం కన్నా తెలుగే ఎక్కువ పనికొస్తుంది. వాళ్ళకి ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తక్షరాలే లేవు.

ప్రశ్న: రీగాలో పోస్టర్ మీద 'షెక్స్‌పీర్స్' అని చూశాను. అచ్చుతప్పా? — విశాఖపట్నం

జవాబు: కాదండీ. పరాయి పేరుని చెవికి ఎలా వినిపిస్తే అలా తమ అక్షరాల్లో రాసి, మగవాడి పేరైతే సాధారణంగా చివర స్ తగిలిస్తారు. మనం రామ కి డు చేర్చి రాముడు అన్నట్టే, ప్రథమా విభక్తి. లాభం ఏమిటంటే, మీకు అక్షరాలు వస్తే చాలు, ఏ దేశం పేరైనా చూడగానే పలికేయొచ్చు.

ప్రశ్న: లాట్వియన్‌లో రాగాలున్నాయని, ఒకే మాటని మూడు రకాలుగా పలికితే మూడు అర్థాలని చదివాను. అవి కూడా నేర్చుకోవాలా? భయంగా ఉంది. — నల్లగొండ

జవాబు: ఉన్నాయి, ఇప్పుడే జోలికి పోకండి. సమంగా సాగేది, కిందికి పడేది, మధ్యలో గొంతు విరిగేది అని మూడు. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 'లుఅక్స్': ఒకలా అంటే ఉల్లికాడ, ఇంకోలా అంటే విల్లులా వంగిన కమాను, మరోలా అంటే కిటికీ. కిటికీలో రాసేది జి, అయితే పక్కన ఎస్ ఉంది కాబట్టి క అయింది, పైన చెప్పిన లబ్స్ లెక్కే. 'జాలె' అంటే పచ్చిక, హాలు కూడా, తేడా గొంతు తీరులోనే. రాతలో దేనికీ గుర్తు లేదు. మూడూ విడివిడిగా వినాలంటే ఉత్తరాన త్సేసిస్, వల్మియెర చుట్టుపక్కలకి వెళ్ళాలి, మిగతా చోట్ల చాలామంది రెంటితోనే సరిపెట్టుకుంటారు. ఉల్లికాడ కొనబోయి కిటికీ అడిగినా కూరగాయల కొట్టులో మీకు ఇచ్చేది ఉల్లికాడే. దీర్ఘం తప్పితేనే మేకలు వస్తాయి.

ప్రశ్న: నోరు తిరగడానికి మన 'కాకీక కాకికి కాక కేకికా' లాంటివి వాళ్ళకీ ఉన్నాయా? — ఒక పదో తరగతి విద్యార్థిని, కరీంనగర్

జవాబు: ఎందుకు లేవమ్మా. పిల్లల దగ్గర్నుంచి అందరూ అనేది 'షౌర్‌స్లియెజు ద్జెల్‌జ్‌త్సెల్య్‌ష్', సన్న రైలు మార్గం (నారో గేజ్) అని అర్థం. రెండో మాటలో డి-జెడ్ జంట, ఒట్టి జెడ్, సి, కామా ఎల్, తలకట్టు ఎస్ అన్నీ వరసగా తగులుతాయి. ముందు 'ద్జెల్‌జ్' (ఇనుము) విడిగా, 'త్సెల్య్‌ష్' (దారి) విడిగా పలికి తర్వాత అతికించు. అలాంటి సన్న రైలు ఒకటి గుల్బెనె, అలూక్స్‌నె ఊళ్ళ మధ్య ఇంకా నడుస్తోంది, దూరం 33 కిలోమీటర్లు. అక్షరానికో కిలోమీటరు.

ఇంకొకటి 'గ్లాజ్‌ష్‌క్యూఞ రూక్యీషి', గాజు కొట్టంలో ఉండే మరుగుజ్జులు అని. గుర్తులున్న పదకొండు అక్షరాల్లో ఏడు ఈ రెండు మాటల్లోనే ఉన్నాయి. మిగతా నాలుగూ కూడా రావాలంటే వాక్యం పూర్తి చేయాలి, కంప్యూటర్‌లో అక్షరాలన్నీ సరిగ్గా పడుతున్నాయో లేదో చూడటానికి లాట్వియన్లు టైపు చేసే వాక్యం అది. ఆ మరుగుజ్జులు తాగిన మత్తులో జర్మన్ సంగీతకారుడు బాహ్ కచేరీ పియానోల మూతలు కొట్టేస్తుంటారు.